హంగ్ జ్యూరీ అంటే కేసు కొట్టేసినట్టా?

అమెరికాలో ఏదైనా పెద్ద క్రిమినల్ కేసులో "జ్యూరీ ఏమీ తేల్చలేకపోయింది, జడ్జి మిస్‌ట్రయల్ ప్రకటించారు" అని వార్త రాగానే మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు మొదలవుతాయి. ఒకటి, "అయితే వదిలేసినట్టేగా!" రెండోది, "ఒకే నేరానికి రెండుసార్లు విచారించకూడదు కదా, మళ్ళీ ఎలా పెడతారు?" రెండూ సరి కాదు. సిటిజన్‌షిప్ తీసుకున్న మన వాళ్ళకు జ్యూరీ డ్యూటీ సమన్లు రావడం ఇప్పుడు మామూలైంది కాబట్టి, ఈ విషయం కాస్త వివరంగా చూద్దాం.

హంగ్ అసెంబ్లీ అన్న మాట మనకు అలవాటే. ఇదీ అలాంటిదే, కానీ ఇక్కడ మెజారిటీ సరిపోదు. తీవ్రమైన నేరాల్లో జ్యూరీ అంతా ఒక్క మాట మీద ఉండాలి. ఫెడరల్ కోర్టులో పన్నెండు మంది కూర్చుంటారు. ఫ్లోరిడాలో అయితే మరణశిక్ష పడే కేసులకు తప్ప మిగతావాటికి ఆరుగురే. లూసియానా, ఒరెగాన్ రాష్ట్రాల్లో చాలాకాలం పన్నెండులో పది మంది ఒప్పుకుంటే చాలు, శిక్ష పడేది. 2020లో రామోస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అది చెల్లదంది. "నిర్దోషి" అనడానికి మాత్రం పది మంది చాలని ఒరెగాన్ కోర్టు ఆ తర్వాత కూడా అంది. మిగతా చోట్ల అటైనా ఇటైనా పదకొండు మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపు ఉన్నా అది హంగ్ జ్యూరీయే.

జ్యూరీ "మా వల్ల కావడం లేదు" అనగానే జడ్జి ఇంటికి పంపించరు. మరోసారి మాట్లాడుకోండి, అవతలివారి మాట వినండి అని చెబుతారు. 1896 నాటి అలెన్ కేసు నుంచి వచ్చిన పద్ధతి ఇది. లాయర్లు దీన్ని "డైనమైట్ ఛార్జ్" అంటారు. ఒంటరిగా నిలబడ్డ జ్యూరర్ మీద ఒత్తిడి పెడుతుందని కాలిఫోర్నియా కోర్టులు దాని పాత రూపాన్ని ఒప్పుకోలేదు. వాళ్ళదే సబబని నాకనిపిస్తుంది. అయినా తెగకపోతే అప్పుడు మిస్‌ట్రయల్.

ఇక డబుల్ జెపర్డీ. 1791లో వచ్చిన ఐదో సవరణ ప్రకారం ఒకే నేరానికి ఒక మనిషిని రెండుసార్లు ప్రమాదంలోకి నెట్టకూడదు. మొదట్లో ఇది ఫెడరల్ కేసులకే. రాష్ట్రాలకూ వర్తిస్తుందని 1969లో తేల్చారు. ఆ "ప్రమాదం" అరెస్టుతోనో ఛార్జిషీటుతోనో మొదలవదు. జ్యూరీ ప్రమాణం చేసిన క్షణంలో మొదలవుతుంది. మరి జ్యూరీ కూర్చుని, సాక్షులంతా వచ్చి వెళ్ళాక మళ్ళీ మొదటికి రావడం రెండోసారి కాదా? 1824లో పెరెజ్ కేసులో కాదన్నారు. జ్యూరీ తేల్చలేకపోయినప్పుడు విచారణ ఆపక తప్పదు, అందులో ప్రభుత్వం తప్పేమీ లేదన్నారు. 1984లో ఇంకాస్త స్పష్టంగా, హంగ్ జ్యూరీతో మొదటి ప్రమాదం అసలు ముగియనే లేదన్నారు. బీఎస్సీ కెమిస్ట్రీ ల్యాబ్ గుర్తున్నవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. టెస్ట్ చేస్తే నెగటివ్ రావడం వేరు, రంగు సరిగా తేలక మళ్ళీ చేయాల్సి రావడం వేరు.

కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. మనిషి జీవితంలో ఎలా ఉంటుందో కర్టిస్ ఫ్లవర్స్ కేసు చెబుతుంది. 1996లో మిసిసిపీలోని వైనోనా అనే చిన్న ఊళ్ళో, ఫర్నిచర్ షాపులో నలుగురిని కాల్చి చంపారు. ఆ కేసులో ఫ్లవర్స్‌ను ఒకే ప్రాసిక్యూటర్ ఆరుసార్లు విచారణకు తెచ్చాడు. మొదటి మూడుసార్లు దోషి అన్నారు, ప్రాసిక్యూటర్ తీరు సరిగా లేదని రాష్ట్ర సుప్రీంకోర్టు మూడింటినీ కొట్టేసింది. 2007లో, 2008లో హంగ్ జ్యూరీలు. 2010లో ఆరోసారి మరణశిక్ష. నల్లజాతి జ్యూరర్లను కావాలని తప్పించారని 2019లో అమెరికా సుప్రీంకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2020లో ఛార్జీలు ఎత్తేశారు. అప్పటికే ఆయన ఇరవై మూడేళ్ళకు దగ్గరగా జైల్లో గడిపాడు. ఇందులో డబుల్ జెపర్డీ ఉల్లంఘన ఒక్కటీ లేదు! నిందితుడే అప్పీల్ చేసి శిక్ష రద్దు చేయించుకుంటే మళ్ళీ విచారించవచ్చు. సాక్ష్యమే చాలదని రద్దయితేనే కుదరదు. హంగ్ జ్యూరీ అయితే ఎన్నిసార్లన్న లెక్క రాజ్యాంగంలో లేదు. న్యూజెర్సీలో మాత్రం ఇక చాలని కేసు కొట్టేసే అధికారం జడ్జికి ఉందని అక్కడి సుప్రీంకోర్టు 1985లో చెప్పింది.

బోస్టన్ వైపు ఉన్నవాళ్ళకు కరెన్ రీడ్ కేసు తెలిసే ఉంటుంది. 2024లో జ్యూరీ తేల్చలేదని మిస్‌ట్రయల్ అయింది. తర్వాత కొందరు జ్యూరర్లు, మూడు ఆరోపణల్లో రెండింటి మీద మేమంతా నిర్దోషి అనే అనుకున్నాం అని చెప్పారు. కోర్టులో బయటికి చదవని తీర్పు తీర్పే కాదని మసాచుసెట్స్ సుప్రీంకోర్టు రెండో విచారణకు ఒప్పుకుంది. 2025 జూన్‌లో రెండో జ్యూరీ హత్యతో సహా ఆ మూడింటిలోనూ ఆమెను నిర్దోషి అంది. తాగి నడిపినందుకు మాత్రం దోషి అంది.

ఒకసారి "నిర్దోషి" అని చదివితే ఇక్కడ కథ అంతే. ప్రాసిక్యూటర్ అప్పీల్‌కు వెళ్ళలేడు. ఇండియాలో పెరిగిన మనకు ఇది వింతగా ఉంటుంది. మన రాజ్యాంగంలోని 20(2) అధికరణం కూడా ఒకే నేరానికి రెండుసార్లు విచారించి శిక్షించకూడదంటుంది, కానీ నిర్దోషి అన్న తీర్పు మీద ప్రభుత్వం హైకోర్టుకు వెళ్ళవచ్చు. నానావతి కేసులో 1959లో జ్యూరీ 8–1తో నిర్దోషి అంటే, జడ్జి ఒప్పుకోక బాంబే హైకోర్టుకు పంపారు, యావజ్జీవ శిక్ష పడింది. ఇక్కడైతే అది ఊహకందదు.

కానీ రక్షణ ఆ ఒక్క ప్రభుత్వం పెట్టే క్రిమినల్ కేసు వరకే. రాష్ట్రం, ఫెడరల్ ప్రభుత్వం వేర్వేరు. రాడ్నీ కింగ్‌ను కొట్టిన పోలీసులు 1992లో రాష్ట్ర కోర్టులో బయటపడ్డారు, 1993లో ఫెడరల్ కోర్టులో వాళ్ళలో ఇద్దరికి శిక్ష పడింది. ఈ పద్ధతిని సుప్రీంకోర్టు 2019లో కూడా సమర్థించింది. ఓ.జె. సింప్సన్ 1995లో నిర్దోషిగా వచ్చినా, 1997లో సివిల్ కోర్టు నష్టపరిహారం కట్టమంది.

వీసా మీద ఉన్న మన వాళ్ళకు అసలు చిక్కు ఇక్కడే. డిపోర్టేషన్ చట్టం దృష్టిలో సివిల్ వ్యవహారం, దానికి డబుల్ జెపర్డీ అడ్డురాదు. మిస్‌ట్రయల్ అయితే ఛార్జీలు అలాగే ఉంటాయి, బెయిల్ షరతులూ ఉంటాయి. కేసు పూర్తిగా పోయినా, "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని వీసా ఫారంలోనూ సిటిజన్‌షిప్ ఫారంలోనూ అడిగితే అవుననే రాయాలి. అలాంటి ఫారం నింపే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కు చూపించండి, ఫ్రెండ్ చెప్పాడని ఖాళీ వదలొద్దు.

జ్యూరీలో సిటిజన్లు మాత్రమే కూర్చోవాలి. చాలా చోట్ల పేర్లు డ్రైవింగ్ లైసెన్స్ జాబితాల నుంచి కూడా తీస్తారు కాబట్టి గ్రీన్‌కార్డు, హెచ్1బి వాళ్ళకూ సమన్లు వస్తుంటాయి. పారేయకుండా, సిటిజన్ కాదన్న గడిలో టిక్ పెట్టి గడువులోగా తిప్పి పంపాలి.