నర్సమ్మ డ్యూటీ ఎన్ని గంటలు?

చిత్తూరు, కుప్పం, హోసూరు వైపు నుంచి వైద్యానికి వేలూరు వెళ్లివచ్చినవారు మీలో చాలామందే ఉంటారు. 1900లో ఐడా స్కడ్డర్ డాక్టరమ్మ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆ ఆసుపత్రిలో 1909లోనే నర్సులకు శిక్షణ ఆరంభమైంది. 1946లో డిగ్రీ చదువూ వచ్చింది. చదువు పెరిగింది సరే, చదివిన మనిషిని రోజుకు ఎన్ని గంటలు పనిలో నిలబెట్టాలన్న లెక్క మాత్రం మన దేశంలో చాలాకాలం తేలలేదు.

మనుషుల కొరతే అందుకు పెద్ద కారణం. అదే 1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదిక, దేశంలో 43 వేలమందికి ఒక్క నర్సు ఉన్నట్టు లెక్క కట్టింది. ఉన్న కొద్దిమందితోనే రోజంతా గడపడానికి విడి డ్యూటీ అనే పద్ధతి ఉండేది. పొద్దున కొన్ని గంటలు పని, మధ్యాహ్నం విరామం, సాయంత్రం మళ్లీ పని. కాగితం మీద గంటలు తక్కువే. మనిషికి మాత్రం రోజంతా ఆసుపత్రిలోనే తెల్లారేది.

1954లో మద్రాసు ఆరోగ్యమంత్రి ఎ.బి. శెట్టి అధ్యక్షతన ఒక కమిటీ నర్సుల ఉద్యోగ పరిస్థితులను పరిశీలించింది. ఆ తరువాత మద్రాసుకే చెందిన సరోజినీ వరదప్పన్ నాయకత్వంలోని ఉన్నతాధికార కమిటీ 1989లో సూటిగా చెప్పింది: వారానికి 40 గంటలు చాలు, విడి డ్యూటీ తీసేసి ఒకే విడతగా పని ఇవ్వండి, అదనంగా చేయించుకుంటే సెలవో డబ్బో ఇవ్వండి అని. అయినా పగలు ఆరేసి గంటలు, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా పన్నెండు గంటలు అనే ఏర్పాటు చాలాచోట్ల సాగింది. సగటు తీస్తే బాగానే ఉంటుంది. కానీ రోగికి సూది వేసేది సగటు కాదు కదా!

2004లో అమెరికాలో 393 మంది నర్సులు తమ డ్యూటీల వివరాలు రోజువారీగా రాసిపెట్టారు. పన్నెండున్నర గంటలు దాటిన డ్యూటీల్లో పొరపాటు జరిగే అవకాశం మూడింతలైంది. వాటిలో ఎక్కువ భాగం మందులకు సంబంధించినవే. పన్నెండు గంటల డ్యూటీ పన్నెండున్నర కావడానికి ఎంతసేపు పడుతుంది? తరువాత రావలసినావిడ బస్సు తప్పితే చాలు.

డ్యూటీలు చిన్నవైతే అన్నీ చక్కబడతాయని కూడా అనలేం. చేతులు మారిన ప్రతిసారీ ఒక మాట జారిపోయే వీలుంది. సెలవు దినాలు ఎక్కువ దొరుకుతాయని పొడవు డ్యూటీనే కోరుకునే నర్సులూ ఉన్నారు. ఈసారి పొద్దున ఎనిమిదింటికి ఇద్దరు నర్సమ్మలు మంచం పక్కన కేసుషీటు పట్టుకుని మాట్లాడుకుంటుంటే, రెండు నిమిషాలు ఆగి తరువాత పిలవండి. రాత్రి ఏ మందు ఏ వేళకు పడిందో, ఏది పడలేదో ఒకరికొకరు అప్పజెప్పుకునేది అప్పుడే.