కుజగ్రహంలో గాలి ఎవరిది?

మనిషి మరో గ్రహం మీద కాపురముండగలడా అన్న ప్రశ్నను మనం సాధారణంగా శాస్త్రజ్ఞులకే వదిలేస్తాం. కాని యీ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. ప్రతి యుగమూ తన సమాజ సంబంధాలనే ఆకాశానికెక్కించి చూసుకున్నదని ఆ చరిత్ర చెబుతుంది.

1877లో ఇటలీ ఖగోళజ్ఞుడు షియాపరెల్లి కుజగ్రహం మీద గీతలు కనిపిస్తున్నాయన్నాడు. అవి నీరెండిపోతున్న గ్రహంలో బుద్ధిజీవులు తవ్వుకున్న కాలువలేనన్నాడు అమెరికన్ ధనికుడు పెర్సివల్ లోవెల్. ఆ ఊహ లోకమంతా వ్యాపిస్తున్న రోజుల్లో, 1898లో, హెచ్.జి. వెల్స్ తన నవలలో కుజవాసుల చేత ఇంగ్లండు మీదికి దండెత్తించాడు. టాస్మేనియా ఆదివాసులను తెల్లవాళ్ళు ఏం చేశారో ఆ నవల మొదట్లోనే గుర్తు చేశాడు. వలసలేలే దేశానికి వలసబాధ ఎలా ఉంటుందో చూపించాడన్నమాట.

1905 విప్లవం అణగిపోయిన తర్వాత, 1908లో, రష్యన్ విప్లవకారుడూ వైద్యుడూ అయిన అలెగ్జాండర్ బొగ్దానోవ్ 'ఎర్ర నక్షత్రం' రాశాడు. ఇతని కుజగ్రహంలో సమసమాజం ఏనాడో ఏర్పడింది. అయినా ముడిసరుకులు తరిగిపోతున్నాయి. భూమిని ఆక్రమించి మనుషులను నిర్మూలిద్దామంటాడు స్టెర్ని అనే శాస్త్రజ్ఞుడు. నెట్టి అనే వైద్యురాలు అతన్ని ఎదిరిస్తుంది. ఇక్కడ గమనించదగిన విషయమొకటుంది. సమసమాజం వచ్చినంత మాత్రాన ప్రకృతితో మనిషి పోరాటం ముగిసిపోదనీ, ఆ పోరాటంలో మళ్ళీ వలసబుద్ధి తలెత్తవచ్చుననీ బొగ్దానోవ్ హెచ్చరించాడు. మన విమర్శకులు యీ నవలకివ్వవలసినంత స్థానం ఇవ్వలేదు.

1965లో మారినర్-4 పంపిన చిత్రాలతో కాలువల కథ ముగిసింది. కనిపించినవి గుంతలే. కుజగ్రహపు గాలి ఒత్తిడి మన గాలి ఒత్తిడిలో నూరోవంతు కూడా లేదు. ఆ కాస్త గాలిలోనూ 95 శాతం బొగ్గుపులుసు వాయువే.

అంటే అక్కడ గాలిని తయారు చేసుకోవాలి. అది సాధ్యమా? సైబీరియాలోని క్రాస్నొయార్స్క్‌లో 1972-73లో ముగ్గురు మనుషులు మూసిన గదుల్లో 180 రోజులు గడిపారు. మొక్కలే వాళ్ళ గాలిని శుద్ధి చేశాయి. తిండి కొంత బయటినుండే వచ్చింది. 1991లో అమెరికాలోని అరిజోనాలో ఎనిమిదిమంది 'బయోస్ఫియర్-2' అనే అద్దాల భవనంలో రెండేళ్ళుండడానికి తలుపులు మూసుకున్నారు. పదహారు నెలల్లో ప్రాణవాయువు 21 శాతం నుండి సుమారు 14 శాతానికి దిగిపోయింది. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని వాడేశాయి. అవి విడిచిన బొగ్గుపులుసు వాయువు మొక్కలకు చేరకముందే చాలా భాగం కాంక్రీటు పీల్చుకుంది. చివరికి బయటినుండి ప్రాణవాయువు ఎక్కించవలసి వచ్చింది. కుజగ్రహంలో ఆ 'బయట' లేదు.

కనుక అక్కడ గాలి ప్రకృతి వరం కాదు, శ్రమ ఫలితం. శ్రమ ఫలితమైన ప్రతిదానికీ యాజమాన్యపు ప్రశ్న వస్తుంది. ఆకాశ గోళాలను ఏ దేశమూ సొంతం చేసుకోరాదని 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక చెప్పింది. 2015లో అమెరికా చేసిన చట్టం, అక్కడ తవ్వితీసిన ఖనిజాల మీద తన పౌరులకు హక్కు ఇచ్చింది. నేల ఎవరిదీ కాదట. తవ్విన సరుకు మాత్రం తవ్వించినవాడిదట!

భూమి మీద ఎంత పిసినారి భూస్వామి అయినా గాలికి శిస్తు కట్టించుకోలేకపోయాడు. సమ్మె చేసిన కూలీకి గింజలు ఆపగలిగాడు గాని ఊపిరి ఆపలేకపోయాడు. అక్కడ గాలియంత్రం ఎవరి చేతిలో ఉంటే, ఊపిరి వాళ్ళ చేతిలో ఉంటుంది. మనిషి వెళ్ళగలడో లేదో శాస్త్రం తేలుస్తుంది. పౌరుడిగా వెళ్తాడా, వెట్టివాడుగా వెళ్తాడా అన్నది మాత్రం బయలుదేరకముందే, యీ భూమి మీదనే తేలాలి.