నిశాని పోయింది, చదువు రావాలె

ప్రతి ఏడు ఈ నివేదికలో పొదుపు, అప్పు, వడ్డీ లెక్కలు రాస్తున్నం. ఈసారి మనలాంటి పెద్దోళ్ళు చదువుకున్న పుస్తకాల చరిత్ర రాస్తున్నం.

మన హసన్‌పర్తికి దగ్గర్లోనే, హనుమకొండలో, 1904లో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టిండ్రు. అప్పుడు నిజాం పాలన, రాజ్యం పనంతా ఉర్దూలో నడిచేది. తెలుగు పుస్తకం చదువుకోను ఒక జాగ కావాలని పెట్టిన గ్రంథాలయం అది. కానీ పుస్తకం చదవాలంటే ముందు అక్షరం రావాలె గదా. కైకిలికి పోయిన మన అమ్మమ్మలకు ఆ అక్షరమే అందలేదు.

1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలుపెట్టింది. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రి బడులు నడిచినయి. వాటి వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడు వల్ల ఆగమైన ఇల్లాలి కథ అది. దూబగుంట ఊరి ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, ఇది మన కథే అనుకున్నరు. రోశమ్మ లాంటి వాళ్ళు ముందుండి ఊళ్ళో సారా దుకాణం మూయించిండ్రు. తర్వాత వాళ్ళ కథే ఇంకో పాఠం అయింది. అది చదివి మిగతా ఊర్లు కదిలినయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. సారాకు పోయే పైసలు మిగిలితే, రోజుకు రూపాయి చొప్పున పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నరు. మన పొదుపు సంఘాల వెనుక ఒక వాచకం ఉన్నదని మనం మరువొద్దు.

2009లో సాక్షర భారత్ వచ్చింది. పంచాయతీకి ఇద్దరు ప్రేరక్‌లు ఉండేది. 2018లో అది ఆగిపోయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో నూటికి 58 మంది ఆడవాళ్ళకే చదువొచ్చు. సంఘంలో మనం సంతకం నేర్చుకున్నం, నిశాని పోయింది. కానీ సంతకం వచ్చినంత మాత్రాన చదువు వచ్చినట్టు కాదు.

మా సంఘంలో ఒక అక్క అప్పు కాయితం మీద సంతకం పెట్టింది. కాయితమంతా ఇంగ్లీషు. అప్పుతో పాటు బీమా కూడ ఉన్నదని, దానికి పైసలు కోసుకున్నరని మూడు నెలలకు తెలిసింది. ప్రీమియం అని అండ్లనే రాసి ఉన్నది. పదో తరగతి చదివిన మేము పక్కనే కూసున్నం, మేము కూడ చదవలేదు. ఆ తప్పు మాది.

అప్పటి నుంచి మీటింగు అయినంక పావుగంట చదువుడు పెట్టుకున్నం. పుస్తకాలు కొనలేదు. 2022-23ల సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు పిల్లలకు ఇచ్చిండ్రు. అవే మాకు పనికొచ్చినయి. తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుంటం, పక్క పేజీలో అదే మాట ఇంగ్లీషుల వెతుకుతం. తర్వాత బ్యాంకు పాస్‌బుక్కు తీసి డెబిట్, క్రెడిట్, బ్యాలెన్స్ చదువుతం. మందుల గోలీల అట్ట మీద ఎక్స్‌పైరీ తేదీ చూస్తం. అక్షరాలు అసలే రాని వాళ్ళకు ఉల్లాస్ కార్యక్రమం ఉన్నది. 15 ఏళ్ళు దాటిన ఎవరైనా అండ్ల చేరొచ్చు.

మన పంచసూత్రాల్లో ఐదోది పుస్తకాల నిర్వహణ. పుస్తకం ఎవరో రాస్తే మనం కింద సంతకం పెడితే ఆ సూత్రం పాటించినట్టు కాదు. వచ్చే ఏడు ప్రతి సంఘంలో మీటింగు తర్వాత పావుగంట చదువు పెట్టుకోవాలని, ఏ కాయితమైనా ఒకరు పైకి చదివి చెప్పినంకనే సంతకం పెట్టాలని కోరుతున్నం.

ఆ అక్క మొన్న ఒక కాయితం మీద ప్రీమియం అన్న మాటను తనే గుర్తుపట్టి, ఇదేందని అడిగింది. మాకు అంతకంటే సంతోషం ఏమున్నది.