టెన్నిస్ ఆడని వాళ్ళకొచ్చే టెన్నిస్ ఎల్బో

టెన్నిస్ ఎల్బో అని పేరు పెట్టినవాడెవడో గానీ మన సాఫ్ట్‌వేర్ జనాలకి లేని గౌరవం తెచ్చిపెట్టాడు. జన్మలో రాకెట్ ముట్టుకోని వాళ్ళు కూడా "నాకు టెన్నిస్ ఎల్బో అండీ" అని దర్జాగా చెప్పుకోవచ్చు. నిజానికి ఈ నొప్పితో డాక్టర్ దగ్గరికెళ్ళే వాళ్ళలో టెన్నిస్ ఆడేవాళ్ళు బహు తక్కువ. మౌసు తిప్పేవాళ్ళు, వడ్రంగులు, పెయింటర్లు, బట్టలు పిండేవాళ్ళు.. అందరికీ వస్తుంది. మోచేతి బయటివైపు ఉబ్బెత్తుగా ఉండే ఎముక మీద నొక్కితే ప్రాణం లేచొస్తుంది. కాఫీ కప్పు ఎత్తాలన్నా, తడిబట్ట పిండాలన్నా, ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇవ్వాలన్నా భయమే.

దీని వైద్యానికి నూటయాభై ఏళ్ళ చరిత్ర ఉంది. అది చదువుతుంటే నాకు కాకతాళీయం అన్న మాటే గుర్తొస్తూ ఉంటుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. పండు ఎలాగూ పడేదే, పేరు మాత్రం కాకికొచ్చింది. ఈ కథలో కాకులు చాలా ఉన్నాయి.

మొదటి కాకి 1873లో వాలింది. రుంగే అనే జర్మన్ డాక్టరు, రాయడానికి చెయ్యి సహకరించని వాళ్ళ గురించి రాస్తూ ఈ మోచేతి నొప్పిని వర్ణించాడు. అంటే వైద్య గ్రంథాల్లోకి ఇది ఎక్కిందే కూర్చుని రాసుకునేవాళ్ళ జబ్బుగా! టెన్నిస్ తర్వాతొచ్చింది. ఆయన చేసిన వైద్యం ఏమిటంటే, నొప్పి ఉన్నచోట చర్మాన్ని కాల్చడం. మన ఊళ్ళల్లో వాతలు పెట్టడం అంటారే, అచ్చంగా అదే.

1874లో ఇంగ్లండులో వింగ్‌ఫీల్డ్ అనే మేజరు లాన్ టెన్నిస్‌కి పేటెంటు తీసుకున్నాడు. 1877లో వింబుల్డన్ పోటీలు మొదలయ్యాయి. దొరలూ దొరసానులూ ఎగబడి ఆడారు, మోచేతులు పట్టుకున్నారు. 1882లో లాన్సెట్ పత్రికలో హెన్రీ మోరిస్ అనే సర్జన్ "లాన్ టెన్నిస్ చెయ్యి" అన్నాడు, మరుసటేడు ఇంకో బ్రిటిష్ వైద్య పత్రికలో అది "లాన్ టెన్నిస్ ఎల్బో" అయింది. గుమాస్తాల జబ్బు దొరల జబ్బయ్యాక పేరు స్థిరపడిపోయింది.

పేరైతే కుదిరింది గానీ అసలు లోపల ఏం చెడిందో ఎవరికీ తెలీదు. 1928లో పెర్సివల్ మిల్స్ అనే బ్రిటిష్ డాక్టరు మణికట్టు వంచి, చెయ్యి లోపలికి తిప్పి, మోచేతిని ఒక్కసారిగా చాపే పద్ధతి చెప్పాడు. 1930ల్లో జర్మనీలో హోమన్ అనే సర్జన్ ఎముక దగ్గర టెండన్‌ని (కండరాన్ని ఎముకకి అతికించే తాడు లాంటిది) కోసి వదులు చేశాడు. ఇద్దరి పేషెంట్లకీ తగ్గింది! 1936లో జేమ్స్ సిరియాక్స్ అనే లండన్ డాక్టరు అప్పటిదాకా వచ్చిన సిద్ధాంతాలన్నీ పోగేస్తే, ఈ నొప్పికి కారణాలంటూ రెండు డజన్ల దాకా తేలాయి. అయితే ఆయన ఇంకో ముక్క కూడా రాశాడు. చాలామందికి ఏ వైద్యమూ లేకుండానే దాదాపు ఏడాదిలో తగ్గిపోతుందని. అంత ముఖ్యమైన మాట, ఆ తర్వాతి హడావుడిలో మరుగున పడిపోయింది.

హడావుడి ఏమిటంటే కార్టిసోన్. 1948లో అమెరికాలో మేయో క్లినిక్‌లో కీళ్ళవాతం రోగికి మొదటిసారి ఇచ్చారు, మంచం మీదున్న మనిషి లేచి నడిచినంత పనైంది. 1950కల్లా నోబెల్ వచ్చేసింది. కొన్నేళ్ళలోనే ఈ స్టెరాయిడ్ మందుల్ని సూదితో మోచేతిలోకి ఎక్కించడం మొదలైంది. వారం పది రోజుల్లో నొప్పి మాయం. డాక్టరు గొప్పవాడు, పేషెంటు అదృష్టవంతుడు. అర్ధశతాబ్దం పాటు ఇదే ప్రధాన వైద్యం.

ఇక్కడో తిరకాసు ఉంది. స్టెరాయిడ్ పని వాపూ మంటా తగ్గించడం. 1979లో నిర్ష్ల్, పెట్రోన్ అనే అమెరికన్ సర్జన్లు ఆపరేషన్‌లో తీసిన టెండన్ ముక్కల్ని మైక్రోస్కోపులో చూస్తే, మంటకి గుర్తుగా ఉండాల్సిన కణాలు కనపడలేదు. కనపడింది చెదిరిపోయిన పీచు, కొత్తగా మొలిచిన సన్నటి రక్తనాళాలు. అంటే అరిగి, అతుక్కోబోయి, సరిగ్గా అతుక్కోని తాడు. అగ్గి లేని చోటికి ఫైరింజన్ పంపుతున్నామన్నమాట.

అయినా సూదులు ఆగలేదు, ఎందుకంటే నొప్పి తగ్గుతోంది కదా! లెక్క తేలింది 2002లో. నెదర్లాండ్స్‌లో 185 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి స్టెరాయిడ్, ఒక గుంపుకి ఫిజియోథెరపీ, ఒక గుంపుకి "కాస్త ఓపిక పట్టండి" అన్న సలహా. ఆరు వారాలకి స్టెరాయిడ్ గుంపులో 92 శాతం మందికి నయం, ఫిజియోలో 47, ఓపిక పట్టిన వాళ్ళలో 32. కథ అక్కడ ఆపేస్తే స్టెరాయిడ్‌దే గెలుపు. వాళ్ళు ఏడాది దాకా ఆగి మళ్ళీ చూశారు. స్టెరాయిడ్ 69, ఫిజియో 91, ఓపిక 83! ఊరికే కూర్చున్న వాళ్ళకన్నా సూది వేయించుకున్న వాళ్ళే వెనకబడ్డారు. 2006లో ఆస్ట్రేలియాలో 198 మంది మీద చేస్తే ఇదే తంతు: సూదితో బాగుపడిన వాళ్ళలో 72 శాతం మందికి నొప్పి తిరగబెట్టింది. 2013లో అక్కడే ఉత్తుత్తి సూదితో పోల్చి చూసినా స్టెరాయిడ్ గుంపుకే ఎక్కువగా తిరగబెట్టింది, 54 శాతానికి 12 శాతం తేడాతో.

మన దేశంలో ఈ జబ్బు పేరు ఇంటింటికీ తెలిసింది 2004లో, సచిన్ పుణ్యమా అని. పాన్‌షాపు దగ్గర కూడా బరువైన బ్యాటు మీద చర్చలే. 2005 మేలో లండన్‌లో ఆపరేషన్, అక్టోబరులో నాగపూర్‌లో శ్రీలంక మీద 93 కొట్టి తిరిగొచ్చాడు. "చూశావా, ఆపరేషన్ చేయించుకుంటే పోతుంది" అన్నది అప్పట్లో అందరికీ అందిన నీతి. సచిన్‌కి ఏది పనిచేసిందో మనం చెప్పలేం, ఒక్క మనిషి కథతో అది తేలదు. కానీ 2018లో సిడ్నీ వాళ్ళు ప్రచురించిన ప్రయోగం చూడండి. 26 మందిలో సగం మందికి నిర్ష్ల్ పద్ధతిలో అసలు ఆపరేషన్, మిగతా సగానికి కోసి, చూసి, ఏమీ తియ్యకుండా కుట్టెయ్యడం. రెండు గుంపులూ బాగుపడ్డాయి. తేడా లేదు. చిన్న ప్రయోగమే, కాదనను. కానీ ప్రశ్న పెద్దది.

ఆ తర్వాత ఫ్యాషన్ పీఆర్‌పీ. మన రక్తమే తీసి, గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని మోచేతిలోకి ఎక్కిస్తారు. 2010లో వచ్చిన వంద మంది అధ్యయనంలో అది స్టెరాయిడ్‌ని ఓడించింది. ఏడాది పరుగులో వెనకబడే వాడితో పోటీ పెట్టి గెలిస్తే ఏం గొప్ప? 2021లో కోక్రేన్ వాళ్ళు 32 అధ్యయనాలు కలిపి చూస్తే, ఉత్తుత్తి సూదికన్నా పెద్దగా ఒరిగేదేమీ లేకపోవచ్చని తేలింది.

మరి ఇన్ని వైద్యాలతో తగ్గిందన్న లక్షల మంది అబద్ధం చెప్పారా? లేదు, వాళ్ళకి నిజంగానే తగ్గింది. 2022లో ఫిన్లాండ్ పరిశోధకుల ఆధ్వర్యంలో ఒక విశ్లేషణ వచ్చింది. పాత ప్రయోగాలన్నిట్లో ఏ వైద్యమూ అందని, లేదా ఉత్తుత్తి వైద్యం అందిన వెయ్యిమందికి పైగా జనాన్ని కలిపి చూశారు. నొప్పి మిగిలిన వాళ్ళ సంఖ్య ప్రతి మూడు నాలుగు నెలలకీ సగమవుతూ పోయింది. ఏడాదికి నూటికి తొంభై మంది బయటపడ్డారు. అసలు సంగతి ఏమిటంటే, అప్పటికే ఎన్నాళ్ళుగా నొప్పి ఉందన్నదాంతో ఈ లెక్క మారలేదు.

నాణెం ఎగరేసినట్టు అనుకోండి. వరసగా నాలుగుసార్లు బొరుసు పడిందని ఐదోసారి బొమ్మ పడే అవకాశం తగ్గదు కదా. ఏడాదిగా నొప్పి ఉన్నవాడికీ, నిన్న మొదలైన వాడికీ వచ్చే నాలుగు నెలల్లో తగ్గే అవకాశం దాదాపు సమానమే. "ఆర్నెల్లయినా తగ్గలేదంటే ఇక దానంతటది తగ్గదు" అన్న నమ్మకం మీదే సూదులూ ఆపరేషన్లూ నడిచాయి. ఆ నమ్మకానికే పునాది లేదంటున్నాయి ఈ అంకెలు. మీరు ఎప్పుడు ఏ వైద్యం చేయించుకున్నా నాలుగు నెలల్లో సగం మందికి తగ్గేదే, పేరు ఆ పూట వాలిన కాకికి!

అలాగని డాక్టర్ దగ్గరికి వెళ్ళొద్దని అనడం లేదు. తిమ్మిరి ఉన్నా, మెడ నుంచి నొప్పి దిగుతున్నా, దెబ్బ తగిలి మొదలైనా, కీలు వాచినా అది వేరే జబ్బు కావచ్చు, చూపించుకోవాల్సిందే. బరువులు అరచెయ్యి పైకి పెట్టి ఎత్తడం, నొప్పి పెంచే పని కొన్నాళ్ళు తగ్గించడం, మణికట్టుకి మెల్లగా బలం పెంచే వ్యాయామం.. వీటివల్ల పోయేదేమీ లేదు. ఆస్ట్రేలియా ప్రయోగంలో ఫిజియో వాళ్ళు మొదటి వారాల్లో ఊరికే ఉన్నవాళ్ళకన్నా త్వరగా తేరుకున్నారు కూడా.

కానీ ఎవరైనా "ఇన్నాళ్ళయింది, ఇక లాభం లేదు, కోసెయ్యాల్సిందే" అంటే ఒక్క ప్రశ్న అడగండి. ఏమీ చెయ్యకుండా ఇంకో నాలుగు నెలలు ఆగితే నాలాంటి వాళ్ళలో ఎంతమందికి తగ్గుతుంది? ఆ అంకె చెప్పి, దానికన్నా తన వైద్యం ఎంత మెరుగో చూపించగలిగితే అప్పుడు ఆలోచించొచ్చు. జలుబుకి మందేస్తే వారం, వెయ్యకపోతే ఏడు రోజులని మనవాళ్ళు ఊరికే అనలేదు. మోచేతి విషయంలో ఆ వారం కొంచెం పొడుగు, అంతే.