ప్రేక్షకుడి వంతు: బళ్లారి రంగస్థలం నుంచి టాకీ దాకా

నాటకం చూడటానికీ సినిమా చూడటానికీ తేడా ఏమిటని అడిగితే, ఒకటి సజీవం, రెండోది యాంత్రికం అని చెప్పి ఊరుకోవడం పరిపాటి. ఆ జవాబు తప్పు కాదు గాని చాలదు. ఆ రెండు చోట్లా ప్రేక్షకుడు చేసే పని ఏమిటో పరిశీలిస్తే తేడా మరింత స్పష్టమవుతుంది. ఇందుకు ఉదాహరణలు వెతుకుతూ మనం దూరం పోనక్కరలేదు. ఆధునిక తెలుగు నాటకం వేళ్లూనిన ఊళ్లలో ఒకటైన బళ్లారి ఈనాడు కర్ణాటకలోనే ఉంది.

బళ్లారి మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో న్యాయవాది ధర్మవరం రామకృష్ణమాచార్యులు అక్కడ సరస వినోదినీ సభను నడిపారు. 1886-87 ప్రాంతంలో 'చిత్రనళీయం'తో తెలుగు నాటకాలు ఆడించడం మొదలుపెట్టారు. పాత్రల నోట రాగయుక్తమైన పద్యాలూ పాటలూ నిలదొక్కుకోవడంలో ఆయన నాటకాల పాత్ర పెద్దది. అదే ఊళ్లో మరో న్యాయవాది కోలాచలం శ్రీనివాసరావు చారిత్రక నాటకాలు రాశారు. విజయనగర పతనం ఇతివృత్తంగా ఆయన రాసిన 'రామరాజు చరిత్ర'లో పఠాన్ రుస్తుం పాత్ర బళ్లారి రాఘవకు (1880-1946) ఎనలేని పేరు తెచ్చింది. హంపి శిథిలాలు అప్పటి బళ్లారి జిల్లాలోవే. రాఘవ కూడా వృత్తిరీత్యా వకీలే. అంటే ఆ ఊరివాడు తానెరిగిన రాళ్ల కథను, తానెరిగిన వకీలు నోట విన్నాడన్నమాట.

ఇంత చనువున్న చోట ప్రేక్షకుడు ఊరకే కూర్చోడు. పద్యం నచ్చితే 'వన్స్‌మోర్' అన్నాడు, నటుడు మళ్లీ పాడాడు. కథ ఆగినందుకు ఎవరూ నొచ్చుకోలేదు, అది అందరికీ తెలిసిన కథే. అయితే ఈ చనువుకు మూల్యం కూడా ఉంది. చప్పట్ల కోసం రాగాన్ని సాగదీస్తే పాత్ర మరుగున పడుతుంది. సహజ నటనను కోరిన రాఘవకు ఈ ధోరణి నచ్చలేదు.

తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు ఆధారం ధర్మవరం వారి నాటకమే. హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజపు నటీనటులు ఇందులో నటించారు. లీలావతి పాత్ర సురభి కమలాబాయిది. చిత్రం తయారైంది బొంబాయిలో. 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం చెప్పుకున్నా, తరువాతి పరిశోధన తొలి విడుదల 1932 ఫిబ్రవరి 6న, బొంబాయిలోనే అని తేల్చింది.

నాటకం పాతదే, నటులూ రంగస్థలం వారే. మారింది ప్రేక్షకుడి స్థితి. ఇప్పుడు 'వన్స్‌మోర్' అని అరిచినా తెర మీది నటికి వినపడదు. నాటకంలో ప్రహ్లాదుడు పాడుతున్నప్పుడు మనం హిరణ్యకశిపుడి ముఖం చూడవచ్చు. సినిమాలో ఎవరిని చూడాలో కెమెరా నిర్ణయిస్తుంది. దానికి బదులుగా నేల టికెట్టు వాడికీ కుర్చీలో కూర్చున్న వాడికీ అదే ముఖం, అంతే దగ్గరగా కనిపిస్తుంది. ఈ సమానత్వం నాటకశాలలో దొరకదు.

'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో సత్యభామగా స్థానం నరసింహారావు తానే రాసుకున్న పాటను పాడేవారు. పల్లవి తిరిగి వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త భావాన్ని అభినయించేవారు. పురుషుడు సత్యభామ అయ్యాడంటే అందులో ప్రేక్షకుడి అంగీకారం సగం. 1966 నాటి చిత్రంలో అదే పాటకు సుశీల గొంతు, జమున అభినయం. అదీ అందమైనదే. కాని ఎన్నిసార్లు చూసినా కనుకొస చూపు అణువంతైనా మారదు.

మారకపోవడం లోపమేనా? రాఘవ రంగస్థల నటన గురించి మనకు తెలిసినదంతా చూసినవారు చెప్పినదే. 'ద్రౌపదీ మానసంరక్షణం' (1936), 'రైతుబిడ్డ' (1939), 'చండిక' (1940) చిత్రాల్లో ఆయన నటించారు. ప్రతి మిగిలి ఉన్నంతకాలం, ఆయన పోయిన తరువాత పుట్టినవారు కూడా ఆయన్ను చూడగలరు. నాటకం చేయలేని మేలు ఇది.

1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. హద్దులు మారినా సినిమా తెలుగును మన ఊళ్లకు తెచ్చి వినిపిస్తూనే ఉంది, అందుకు మనం రుణపడి ఉన్నాం. అయితే వినడంతో సరిపోదు. నాటకం వేయాలంటే ఊళ్లో ఎవరో ఒకరు తెలుగు పద్యం నేర్వాలి, మరొకరు ఉచ్చారణ దిద్దాలి, ఎదుట కూర్చున్నవారు బాగుందనో బాగులేదనో తెలుగులో చెప్పాలి. భాష చెవికే పరిమితం కాకుండా నోట నిలిచేది అక్కడే. మీ ఊళ్లో నాటకాలు ఆడినవారు, చూసినవారు ఇంకా ఉంటే ఏ పద్యానికి వన్స్‌మోర్ పడిందో వారినడిగి రాసుకోండి. వీలైతే ఆ పద్యాన్ని వారి నోటనే నేర్చుకోండి.