అగస్త్యోదయము



శ్రావణమాసమున తెల్లవారుజామున చాపాడు పొలిమేరలో నిలిచి, ఆగ్నేయ మూలకును దక్షిణ దిక్కునకును నడుమ చూచిన వారికి, నేలకు కొంచెము ఎత్తున ఒక తెల్లని తార కనబడును. మే నెల చివర సాయంసంధ్యలో నైరృతి వైపున మునిగిపోయిన తార అది. రమారమి రెండున్నర నెలలు ఎవరికిని కనబడక, ఆగస్టు రెండవ వారమునకు తిరిగి వచ్చి, సూర్యోదయమునకు ముందు కొద్ది నిమిషములు మాత్రమే మెరసి వెలుగులో కలిసిపోవును. రాత్రి ఆకాశమున లుబ్ధకమును మినహాయించిన, దీనికంటె కాంతిగల నక్షత్రము లేదు. దీనినే మన పూర్వులు అగస్త్యుడనిరి. పంచాంగమున "అగస్త్యోదయము" అని ఒక్క మాటగ వ్రాసి విడిచిపెట్టు విషయమిదియే.

తార మాయమగుట యేల? సూర్యుడు దినమునకు ఒక డిగ్రీ చొప్పున నక్షత్రముల నడుమ తూర్పునకు జరుగుచుండును. ఆయన సమీపించిన తార ఆయన కాంతిలో మునుగును. ఆయన దాటిపోయిన పిమ్మట ఉషఃకాలమున మరల తేలును. దీనినే శాస్త్రమున అస్తోదయములందురు. మన సీమ రైతు నోట నిత్యము నలుగు కార్తెలును ఈ లెక్కయే. ఇరువదియేడు నక్షత్రములలో ఒక్కొక్క దానియందు సూర్యుడుండు పదమూడు పదునాలుగు దినములు ఒక కార్తె. ఇందొక విశేషమున్నది, చాలమంది గమనింపరు. మృగశిర కార్తె వచ్చెనన్న మృగశిర కనబడుచున్నదని అర్థము కాదు. సూర్యునితో కలిసియున్నందున అది కనబడదని అర్థము. ఆ దినములలో, అనగా జూన్ రెండవ వారము మొదలుకొని, వేకువను తూర్పున క్రొత్తగ పొడచూపునవి కృత్తికలు. రైతు పేరు పెట్టి పిలుచునది దాగియున్న నక్షత్రమును, కంటికి కనబడునది దాని వెనుకటి నక్షత్రమును!

మరి సూర్యుడు ఏ నక్షత్రమున నున్నాడో మొదట ఎట్లు తెలిసినది? పగలు నక్షత్రము కానరాదు, రాత్రి సూర్యుడు కానరాడు. రెండును కలియు సందు ఉషఃకాలము. తైత్తిరీయ బ్రాహ్మణము ప్రథమాష్టకమున ఈ విషయమును స్పష్టముగ చెప్పినది. సూర్యుడు ఉదయించిన పిమ్మట నక్షత్రము కనబడదు కావున, పుణ్యనక్షత్రమును వేకువనే గుర్తించి, సూర్యుడు వచ్చు చోటును దానితో పోల్చుకొని, కర్మకాలమును నిర్ణయించుకొనవలెనని దాని తాత్పర్యము. వాజసనేయ సంహితలో "నక్షత్రదర్శుడు" అను వాని ప్రస్తావన కలదు. చుక్కలను చూచుట ఒకని వృత్తిగ నుండెనన్నమాట. పంచాంగము పుట్టుటకు ముందు చూపు పుట్టినది.

ఇచ్చట మా దోషమును మేము ఒప్పుకొనవలసియున్నది. ఆ బ్రాహ్మణభాగమును మేము బాల్యమున స్వరము తప్పకుండ వల్లించితిమి. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, దీపము ముందు కూర్చుండి, నక్షత్రములను గూర్చియే చదివితిమి. వాకిలి దాటి తలయెత్తి చూచినవారము కాము. చూడుమని చెప్పినవారును లేరు. డెబ్బది యేండ్లకు దగ్గరపడినపుడు, రాత్రి తన వంతు నీరు మడికి కట్టుకొని వచ్చిన ఒక రైతు మమ్ము అడిగినాడు: "సామీ, అగస్త్యుడు పుట్న్యాడని పంచాంగంలో చదివినారు గదా, యాడ పుట్న్యాడు? సూపించండి." మేము దక్షిణముగ చేయి చూపితిమి. ఏ చుక్కయో చెప్పలేకపోతిమి.

ఆ మీదటనే వరాహమిహిరాచార్యుల బృహత్సంహితలోని అగస్త్యచారాధ్యాయమును తిరిగి తెరచితిమి. ఉజ్జయినిలో, సూర్యుడు కన్యారాశికి ఇంకను ఏడు భాగలు దూరమున నుండగా అగస్త్యుడు కనబడునని ఆయన నిర్ణయించెను. ఆయన పంచసిద్ధాంతికకు ఆరంభకాలము శక 427, అనగా క్రీ.శ. 505. చాపాడుకు ఎంతో దూరము లేని కలమల్లలో రేనాటి చోళులు తెలుగు మాటలను రాతిపై చెక్కించినదియు ఆ శతాబ్దముననే. అగస్త్యోదయ దినము ఊరూరికి మారునని, దేశమును బట్టి గణించుకొనవలెనని కూడ ఆచార్యులు తెలిపిరి. దక్షిణమునకు వచ్చిన కొలది తార ఎత్తుగ, ముందుగ కనబడును. ఉజ్జయినిలో అది పరమోచ్చమున నున్నను దాదాపు 14 డిగ్రీలు దాటదు. మన కడప మండలమున 22 డిగ్రీలు మించును. కావున అచ్చటికంటె మనకు ముందే దర్శనము. వింధ్యను వంచి దక్షిణమునకు వచ్చిన మహర్షి పేరు ఈ తారకు ఎంత చక్కగ అమరినదో చూడుడు. ప్రొద్దుటూరులోను చిలమకూరులోను అగస్త్యేశ్వరుడని శివుని కొలుచుచున్న మన సీమకు ఈ బంధుత్వము క్రొత్త కాదు.

అగస్త్యుడుదయించిన నీరు తేటపడునని పెద్దల మాట. కాళిదాసు రఘువంశము నాలుగవ సర్గలో దీనిని స్మరించెను. సముద్రమును ఆపోశనము పట్టిన వానికి బురదనీరు తేర్చుట యెంత? అయితే నిజము చెప్పవలెను. చాపాడులో ఆగస్టు నెలలో నీరు తేటపడదు. సుంకేశుల నుండి కె.సి. కాలువకు తుంగభద్ర నీరు వచ్చు కాలమది. వాన పడినచో కుందూ నది మట్టిరంగున పారును. మనకు అసలైన వానలు కొన్ని అక్టోబరు, నవంబరులలోను కురియును. నీరు తేరుట ఉత్తరదేశపు శరత్తును చూచి చెప్పిన మాట. శాస్త్రమును దూషించుటకు మేమిది చెప్పుట లేదు. చూచినవారు తమ నేలను చూచి చెప్పిరి. మనము మన నేలను చూడక వారి మాటను చెప్పుచున్నాము.

కాలము కూడ జరుగుచున్నది. అయనచలనము వలన రమారమి 72 సంవత్సరములకు ఒక డిగ్రీ చొప్పున ఋతువులకును నక్షత్రములకును ఎడము పెరుగును. దక్షిణాయనము వేదాంగజ్యోతిషమున ఆశ్లేషార్ధమున చెప్పబడినది. అది పూర్వము మాట, ఇప్పుడు కర్కాటకాదియందని వరాహమిహిరుడు నిర్భయముగ వ్రాసెను. నేడు అది మృగశిర చివర జరుగుచున్నది. ఆచార్యుల కాలమున దక్షిణాయనమునకు రమారమి 24 దినములు ముందుగ ప్రవేశించిన ఆరుద్ర కార్తె, ఇప్పుడు దాదాపు ఆ దినముననే ప్రవేశించుచున్నది. కృత్తికలు తూర్పు దిక్కు తప్పవని శతపథ బ్రాహ్మణము చెప్పినది. నేడు మన ఊరిలో అవి తూర్పునకు ఉత్తరముగ 25 డిగ్రీలు తొలగి ఉదయించును. "ఆరుద్రలో విత్తుదుమా" అని అడుగు రైతునకు ఈ సంగతి కూడ చెప్పవలసినవారము మనమే కదా! చెప్పకున్న అతడు పంచాంగమును వదలిపెట్టును. తప్పు అతనిది కాదు.

వేకువ చుక్కను నమ్ముకొన్నవారు మనమొక్కరమే కాము. ప్రాచీన ఈజిప్టువారు లుబ్ధకము ప్రాతఃకాలమున తిరిగి కనబడుటను నైలు నది వరదకు గుర్తుగ పెట్టుకొనిరి. న్యూజిలాండులోని మావోరీలు మన కృత్తికలనే మతారికి అని పిలిచి, వాని పునర్దర్శనముతో క్రొత్త సంవత్సరమును ఎంచుదురు. 2022 నుండి అది ఆ దేశమున ప్రభుత్వ సెలవుదినము కూడ అయినది. అచ్చట పిల్లలను వేకువను లేపి కొండమీదికి తీసికొనిపోవుదురట. మన పిల్లలను లేపువారెవరు?

మరుసటి సంవత్సరము ఆ రైతును వెంటబెట్టుకొని మేము కాలువ గట్టునకు పోయితిమి. మూడు వేకువలు మేఘము విడువలేదు. నాలుగవ నాడు, తూర్పు తెలుపెక్కు వేళ, చెట్ల తలలకు పైన ఒక చుక్క వణకుచు నిలిచినది. అతడు చాలసేపు చూచి, "ఇంత కిందనా సామీ! నేను ఇన్నాళ్లు నడినెత్తిన ఎదుకుతా ఉండా" అన్నాడు. అర్ఘ్యమునకు విధించిన రెల్లుపూలు అప్పటికింకను పూయలేదు. దోసిలి పట్టి ఆ ఎర్రనీటినే విడిచితిమి.