కొలిచి కట్టిన కనికట్టు

నెదర్లాండ్స్‌లో, ద హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో, రెంబ్రాంట్, వెర్మీర్‌ల చిత్రాలున్న చోటే జానెడున్నర ఎత్తున్న చిన్న చెక్క మీద ఒక పిట్ట బొమ్మ ఉంది. సున్నం గోడకు బిగించిన గింజల డబ్బా, దాని ముందు వంచిన కడ్డీ, కడ్డీ మీద గోల్డ్‌ఫించ్ పిట్ట, కాలికి సన్నని గొలుసు. అంతే. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే అది బొమ్మ కాదు, పిట్టే. దగ్గరికి వెళ్తే రెక్క మీద పసుపు రంగు ఒక్క విసురులో పూసిన ముద్దగా కనిపిస్తుంది. మళ్లీ వెనక్కి జరగండి, మళ్లీ పిట్ట. 17వ శతాబ్దంలో డచ్చి ఇళ్లలో ఈ పిట్టలను పెంచేవారు. బావిలోంచి చేదతో తోడినట్టు, దారానికి కట్టిన చిన్న గిన్నెతో నీళ్లు తోడుకుని తాగడం వాటికి నేర్పేవారు.

గీసినవాడు కారెల్ ఫాబ్రీషియస్, రెంబ్రాంట్ శిష్యుడు. కాలం 1654. ఈ దేశ చరిత్ర చెప్పమని ఊరి నుంచి ఎవరడిగినా నేను ఈ పిట్ట దగ్గరే మొదలుపెడతాను. నెదర్లాండ్స్ గురించి మనవాళ్లకు తెలిసింది తులిప్ పూలు, గాలిమరలు, సైకిళ్లు. కంటిని మోసం చేసే చిత్రకళలో ఈ చిన్న దేశం చేసినంత పని చాలా పెద్ద దేశాలు కూడా చేయలేదన్న సంగతి మనదాకా రాలేదు.

ఎందుకు ఇక్కడే? 1566లో ప్రొటెస్టెంట్ గుంపులు చర్చిల్లోని విగ్రహాలు, పటాలు పగలగొట్టాయి. 1568 నుంచి 1648 వరకు స్పెయిన్ రాజు మీద ఎనభై ఏళ్ల యుద్ధం నడిచింది. అది ముగిసేసరికి ఇక్కడ మిగిలింది రాజు లేని రిపబ్లిక్కు, బొమ్మలు లేని చర్చీలు, చేతిలో డబ్బున్న వర్తకులు. మన బందరులో వలందపాలెం ఉంది కదా, ఆ పేరు ఈ వర్తకుల వల్ల వచ్చిందే. 17వ శతాబ్దం మొదటి పదేళ్లలోనే కలంకారీ బట్టల కోసం అక్కడ కోఠీ పెట్టుకున్నారు. చిత్రకారుడికి చర్చి పని పోయింది, ఇళ్ల పని వచ్చింది. ఇంటి గోడ మీది బొమ్మను దగ్గర నిలబడి, వేలు పెట్టి చూస్తారు. పైగా చూసేవాళ్లు బట్ట నాణ్యాన్ని భూతద్దం పట్టి తేల్చుకునే మనుషులు. డెల్ఫ్ట్ ఊరి బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ తాను స్వయంగా చేసుకున్న, ఇంకా శక్తిగల భూతద్దాలతో చివరికి సూక్ష్మజీవులను చూశాడు. అలాంటి కళ్లను మోసం చేయాలంటే ఊహ చాలదు, లెక్క కావాలి.

ఆ లెక్కను పరాకాష్ఠకు తీసుకెళ్లినవాడు సామ్యూల్ వాన్ హోహ్‌స్ట్రాటెన్. ఇతనూ రెంబ్రాంట్ శిష్యుడే. 1651లో వియన్నాలో ఇతని చిత్రం చూసి చక్రవర్తి మూడో ఫెర్డినాండ్ మోసపోయాడు, మెచ్చుకుని బంగారు గొలుసు, పతకం ఇచ్చాడు. హోహ్‌స్ట్రాటెన్ చేసిన చెక్క పెట్టె ఒకటి ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. లోపలి పలకల మీద కుర్చీలు, కుక్క, నేల పలకలు అన్నీ సాగదీసి, మూలల దగ్గర విరిచి, వికారంగా గీసి ఉంటాయి. పెట్టెకు రెండు పక్కలా ఉన్న చిన్న రంధ్రాల్లో ఒకదానికి కన్ను ఆనించగానే ఆ వంకరలన్నీ సర్దుకుని నిండైన ఇల్లు కనిపిస్తుంది. గది వెనక గది, దాని వెనక వీధి. ఒక్కో రంధ్రం దగ్గర కన్ను ఎక్కడ ఉంటుందో ముందే తేల్చి, ఆ చోటి నుంచి ప్రతి గీతనూ లెక్కగట్టాడు. ఫాబ్రీషియస్ 1652లో గీసిన డెల్ఫ్ట్ వీధి చిత్రం కూడా ఇలాంటి పెట్టె కోసమే అయి ఉంటుందని పండితులు అనుకుంటారు.

అనుకోవడమే మిగిలింది. 1654 అక్టోబర్ 12 ఉదయం డెల్ఫ్ట్‌లో, యుద్ధకాలం నుంచి ఒక పాత క్రైస్తవ మఠంలో నిలవ ఉన్న తుపాకిమందు పేలింది. దాదాపు 90 వేల పౌండ్ల మందు. ఊళ్లో ఒక పెద్ద భాగం నేలమట్టమైంది, వంద మందికి పైగా చనిపోయారు. ఇంట్లో కూర్చుని ఒకరి రూపచిత్రం గీస్తున్న ఫాబ్రీషియస్‌ను శిథిలాల కింద నుంచి తీశారు, బతకలేదు. వయసు 32. ఇప్పుడు ప్రపంచం మొత్తంలో అతనివని చెప్పగలిగే చిత్రాలు డజను చుట్టూ ఉంటాయి. ఒప్పందం కుదిరి శాంతి వచ్చిన ఆరేళ్లకు, యుద్ధం వదిలేసి వెళ్లిన మందు ఒక కళాకారుణ్ని, అతని పనినీ మింగేసింది. ఆ పిట్ట ముందు నిలబడ్డ ప్రతిసారీ నాకు ఈ అన్యాయమే గుర్తొస్తుంది.

ద హేగ్‌లోనే, ఆ పిట్ట ఉన్న మ్యూజియం నుంచి కొంచెం నడిస్తే పనోరమా మెస్‌డాహ్. ఇది 1881 నాటిది. 14 మీటర్ల ఎత్తు, 120 మీటర్ల చుట్టుకొలత ఉన్న ఒకే గుడ్డ, గుండ్రంగా వేలాడుతుంది. చీకటి దారిలో నడిచి మెట్లెక్కితే ఒక ఇసుక దిబ్బ మీద తేలతాం. చుట్టూ స్కెవెనింగెన్ సముద్రతీరం. పైనుంచి పగటి వెలుగే పడుతుంది, కానీ నెత్తి మీది పందిరి వల్ల గుడ్డ పై అంచు కనిపించదు. కింది అంచును నిజం ఇసుక, నిజం గడ్డి కప్పేస్తాయి. అంచు లేని బొమ్మను కన్ను బొమ్మగా ఒప్పుకోదు, దూరంగా ఉన్న లోకం అనుకుంటుంది. చిత్రకారుడు హెండ్రిక్ మెస్‌డాహ్ ఆ తీరంలోని నిజం దిబ్బ మీద ఒక గుండ్రటి గాజు గొట్టం లోపల నిలబడి, గాజు మీదే చుట్టూ ఉన్న తీరమంతా గీసుకుని, ఆ గీతలను పెంచి గుడ్డ మీదికి ఎక్కించాడు. భార్య సీన్‌ట్యే, యువకుడు బ్రైట్నర్, మరికొందరు చిత్రకారులు చేతులు కలిపి కొద్ది నెలల్లో ముగించారు. తీరాన తెల్ల గొడుగు కింద కూర్చుని బొమ్మ వేసుకుంటున్న ఆవిడ సీన్‌ట్యే.

మా నాన్నగారు వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్లాను. సముద్రం పక్క పుట్టి పెరిగిన మనిషి. చాలాసేపు ఏమీ అనకుండా ఒడ్డున ఇసుకలోకి లాగిన పడవల్నే చూసి, “వీళ్లకి రేవు లేదన్నమాట” అన్నారు. నిజమే, అప్పట్లో లేదు. అందుకే ఇక్కడి బెస్తవాళ్లు అడుగు చదునుగా ఉండే బరువైన పడవలు కట్టి ఇసుక మీదికే తోలేవారు. 1894 డిసెంబరు తుఫాను ఆ పడవల్లో ఎన్నింటినో ముక్కలు చేసింది. 1904లో రేవు కట్టారు, ఆ పడవల కాలం అయిపోయింది. మెస్‌డాహ్ నిలబడ్డ దిబ్బనూ తవ్వి చదును చేశారు. ఆనాటి తీరం అన్ని దిక్కులా ఇప్పుడు ఆ గుడ్డ మీదే ఉంది.

ఇక చిత్రకారుడు ఎషర్. మనలో గణితం, కంప్యూటర్లు చదివినవాళ్లకు ఎషర్ బొమ్మలు తెలుసు. ఆయన ఈ దేశపు మనిషని చాలామందికి తెలియదు. 1898లో లీవార్డెన్‌లో పుట్టాడు. తండ్రి సివిల్ ఇంజనీరు, కొన్నేళ్లు జపాన్ వెళ్లి అక్కడి నదుల మీద పనిచేసి వచ్చినవాడు. భవన నిర్మాణం చదవడానికి హార్లెం వెళ్లిన కుర్రాడి గీతలు చూసి, నువ్వు అచ్చుచిత్రాలు చేయవలసినవాడివని దారి మళ్లించినవాడు సామ్యూల్ జెసురున్ డి మెస్కిటా అనే యూదు గురువు. 1944 మొదట్లో, దేశాన్ని ఆక్రమించి ఉన్న జర్మన్లు మెస్కిటా కుటుంబాన్ని పట్టుకుపోయారు. ఆయన్నీ భార్యనీ ఆష్‌విట్జ్‌లో చంపేశారు, కొడుకూ తిరిగి రాలేదు. ఈ దేశంలోని లక్షా 40 వేల మంది యూదుల్లో నాలుగింట మూడు వంతుల మందికి అదే గతి పట్టింది. తలుపులు బార్లా తీసి ఉన్న ఆ ఇంట్లో నేల మీద చెల్లాచెదరుగా పడి ఉన్న గురువు కాగితాలను ఎషర్ ఏరి దాచాడు. 1946లో ఆమ్‌స్టర్‌డామ్ స్టెడెలిక్ మ్యూజియంలో వాటి ప్రదర్శన జరిగింది.

1954లో అదే స్టెడెలిక్‌లో, ప్రపంచ గణిత మహాసభ సందర్భంగా ఎషర్ ప్రదర్శన పెట్టారు. దాన్ని చూసినవారిలో రోజర్ పెన్రోజ్ అనే ఇంగ్లీషు విద్యార్థి ఒకడు. ఆ ఊపులో అతను కట్టడానికి వీల్లేని త్రికోణం ఒకటి గీశాడు, 1958లో తండ్రితో కలిసి దాన్ని ప్రచురించాడు. ఆ వ్యాసం ఎషర్ చేతికి వచ్చింది. అలా 1961లో, నీళ్లు మెరకకు పారే ‘జలపాతం’ అనే లితోగ్రాఫ్ అచ్చుచిత్రం పుట్టింది.

దానికి ఎనిమిదేళ్ల ముందు, 1953 ఫిబ్రవరి 1న సముద్రం కట్టలు తెంచుకుని ఈ దేశంలో 1,836 మందిని పొట్టన పెట్టుకుంది. ‘జలపాతం’ వచ్చేనాటికి కొత్త ఆనకట్టల పని జోరుగా సాగుతోంది. ఎషర్ ఆ వరదను తలచుకుని గీశాడని నేననను. కానీ వందల ఏళ్లుగా నీటిని పల్లం నుంచి మెరకకు తోడుతూ బతికే జాతి, దానికి తోడు ఇంజనీరు తండ్రి. అలాంటివాడి చేతిలోనే నీళ్లు తమంతట తాము మెరకకు పారడం నాకు మామూలు సంగతిగా అనిపించదు.

ఆ బొమ్మ దొరికితే వేలు పెట్టి చూడండి. మర చక్రం దగ్గర బయల్దేరిన నీళ్లు కాలువ వెంట మూడు మలుపులు తిరిగి దూరంగా వెళ్తాయి, వెళ్లి మళ్లీ చక్రం నెత్తి మీదికే వచ్చి దూకుతాయి. ఏ మలుపు దగ్గర ఆగి చూసినా తప్పు దొరకదు. స్తంభం నిటారుగానే ఉంది, ఇటుకలు సరిగ్గానే పేర్చి ఉన్నాయి. ముక్కలన్నీ న్యాయమైనవే. దూరదూరంగా ఉండాల్సిన చోట్లను కాగితం మీద కలిపేశాడు, పనంతా అక్కడే ఉంది. తర్వాత పైనున్న రెండు బురుజులు చూడండి. రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి, ఎడమదానికి మూడు అంతస్తులు, కుడిదానికి రెండే.